ముల్లు పచ్చ మీదే ఉంది

మా చేన్లో కాలేజీ వాళ్ళు పాతిన గొట్టం గురించి చెప్పమంటే ముందు నీళ్ళ గురించి చెప్పాలి. నీళ్ళ గురించి చెప్పాలంటే మా బావ గురించి చెప్పాలి. నాకు చదువు రాదు, సంతకం ఒక్కటే వచ్చు. నోటితో చెప్తున్నాను, రాసేవాళ్ళు రాసుకోండి. మంచి మాటలు కలిపి మెత్తగా మాత్రం చెయ్యొద్దు.

చండ్రుగొండ దాటాక అడవి మొదలయ్యే చోట మా ఊరు. ఊరి పొలాలు చాలావరకు ఎర్ర చల్కలు, నీళ్ళు తొందరగా ఇంకిపోయే ఇసుక నేలలు. వాగు పక్కన మాత్రం నల్లరేగడి. మా మామ చేను అక్కడే. ఇద్దరు కొడుకులు చెరో సగం దున్నుకునేవాళ్ళు గానీ కాయితం మీద పంచుకోలేదు. పెద్దవాడు మా బావ, చిన్నవాడు నా పెనిమిటి. ఆయన పాల్వంచలో కాంట్రాక్టు పని చేసేవాడు, షిఫ్టు లేని పూట చేన్లో ఉండేవాడు. ఒక వానాకాలం మలేరియా వచ్చి మెదడుకెక్కింది. భద్రాచలం దవాఖానకు తీసుకుపోయేసరికి మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాడు. నా మొహం చూసి, "ఎవలమ్మా నువ్వు?" అన్నాడు. అదే ఆఖరి మాట, అక్కడే పోయాడు. మాకు పిల్లల్లేరు.

పోయినాయన పేరు మీద చర్చిలో ఆదరణ కూడిక అయిన మర్నాడే బావ వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. రెండు చేన్లూ కలిపి జామాయిల్ పెడతానన్నాడు. కాగితం మిల్లుకు పోయే చెట్లు అవి. ఒకసారి నాటితే కాపలా లేదు, కలుపు లేదు, కొన్నేళ్ళకోసారి నరికి ట్రాక్టరుకెత్తడమే. కోతకు ఇంత అని నా చేతిలో పెడతానన్నాడు. ఆయన మాటలో మోసం లేదు, అది నాకూ తెలుసు. కానీ చెట్టు పెరిగేదాకా ఏళ్ళకేళ్ళు నేనేం చెయ్యాలి? కూలికి పోవాలి. ఇంకొకరి చేన్లో వంగి, పొద్దుగూకి ఇంటికొచ్చి, నా చేనును దూరం నుంచి చూడాలి. నేను ఒప్పుకోలేదు. నా సగంలో నేనే మిర్చి వేస్తానన్నాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద సంఘపెద్ద ముందర మాట్లాడుకున్నాం. ఊళ్ళో తగాదాలు తీర్చేది ఆయనే. బొగ్గుబావిలో చేసి రిటైరై వచ్చిన మనిషి. మాట తక్కువ, చెయ్యెత్తితే అందరూ ఊరుకుంటారు. ఆయన ముందే బావ నాకు గడువిచ్చాడు.

"ఒక్క పంట చూపియ్ పిల్లా. మిర్చి చేతికొచ్చిందా, చేను నీదే, మళ్ళ నోరెత్త. పోయిందా, జామాయిల్ పెడ్త. అప్పుడు నువ్వు ఏడ్వొద్దు."

"ఏడ్వ," అన్నాను.

ఆ ఏడే కాలేజీ పిల్లలు మా ఊళ్ళో దిగారు. వ్యవసాయం చదివేవాళ్ళు ఆఖరి ఏడు పల్లెల్లో ఉండి, రైతుల వెంట తిరిగి నేర్చుకోవాలట. వాళ్ళ సారు జీపులో వచ్చి చేన్లు చూసి వెళ్ళాడు. మిర్చికి నీళ్ళు ఎప్పుడు పెట్టాలో భూమినే అడిగే పరికరం ఉందని, దాన్ని కొందరి చేన్లలో పాతి పరీక్ష చేస్తామని చెప్పాడు. మొదట మగవాళ్ళెవరూ ముందుకు రాలేదు. నేను వచ్చాను. మొగుడు లేనిదానికి అడిగితే చెప్పే దిక్కు కావాలి, అది గొట్టమైతేనేం.

గొట్టం అంటే మోచెయ్యంత పొడుగున ప్లాస్టిక్ గొట్టం. కింది కొస సుద్దలా తెల్లగా, మట్టితో చేసినట్టు ఉంటుంది. దాన్ని మొక్కల వేళ్ళ దాకా పాతి, లోపల నీళ్ళు నింపి, మూత బిగిస్తారు. పైన గడియారంలాంటి బిళ్ళ, దానికొక ముల్లు. భూమి ఎండితే గొట్టంలో నీటిని లాగుతుంది, ఆ లాగుడుకు ముల్లు జరుగుతుంది. నాకు అంకెలు రావని ఒక విద్యార్థిని బిళ్ళ మీద రంగు కాగితాలు కత్తిరించి అతికించింది. పచ్చ మీద ఉంటే తడి, పసుపు మీద ఉంటే ఆగు, ఎరుపు మీదికొస్తే నీళ్ళు పెట్టు. పక్కనే కర్రకు చిన్న పెట్టె కట్టి, దానికి పళ్ళెమంత సోలార్ పలక పెట్టారు. ముల్లు ఎటు తిరిగిందీ ఆ పెట్టె తనంతట తాను గుర్తుపెట్టుకుంటుందట. సారు వాళ్ళు తర్వాత కంప్యూటర్లో చూసుకుంటారట. నల్లరేగడిలో పాతింది నా ఒక్కదాని చేన్లోనే, నా తర్వాత ఒప్పుకున్నవాళ్ళవన్నీ చల్కలే.

ఆ విద్యార్థిని మంచి పిల్ల. కరీంనగర్ వైపు నుంచి వచ్చింది. నన్ను పెద్దమ్మా అనేది. అన్నం తినేటప్పుడు పచ్చడి అడిగి మరీ వేయించుకునేది.

గొట్టం పాతాక ఆడవాళ్ళ నోళ్ళకు పని దొరికింది. కలుపుకొచ్చినవాళ్ళు గట్టు మీద నిలబడి, "ఏమంటుండే మీ ఆయన? తడంటుండా, పొడంటుండా?" అనేవాళ్ళు. మా తోడికోడలు ఇంకో అడుగు ముందుకేసి, "పోయినాయన కంటే నయమే చెల్లె, అడిగినదానికి జవాబన్నా చెప్తుండు," అంది. ఒళ్ళు మండింది. తర్వాత నవ్వొచ్చింది. పెనిమిటి పోయాక నేను నవ్వడం అదే మొదలు కావచ్చు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. రెండు చేన్లకూ బోరు ఒక్కటే, మామ వేయించింది. మోటారు బావ గట్టు మీద ఉంది. ఒక రోజు ఆయన వంతు, ఒక రోజు నా వంతు. దసరా దాటాక సన్నగా వాన పడింది. నా చేను పైన బురద బురదగా ఉంది. పైన అంత తడి ఉంటే నీకెందుకు నీళ్ళని బావ నా వంతు రోజు తన వరికి తిప్పుకున్నాడు. ముల్లు చూస్తే ఎరుపు మీద ఉంది. నేను పోయి సంఘపెద్దను తీసుకొచ్చాను. ఆయన గడ్డపారతో మొక్కల మధ్య తవ్వించాడు. పైన బెత్తెడు తడి, కింద పిండిలా పొడి. పెద్దాయన ఆ పొడిని వేళ్ళతో నలిపి, మళ్ళీ బిళ్ళను చూసి, తలాడించాడు.

"బాయిలకు దిగేముందు మేం గ్యాస్ మీటర్ చూసేటోళ్ళం. మీటర్ మాట కాదని దిగినోడు మళ్ళ పైకి రాలె. ఇగ మీ ఇద్దరి లొల్లి తీరింది. ముల్లు ఎర్రగున్న దినం మోటారు ఆమెది. పచ్చగున్న దినం నీది. వంతులు లేవ్, తవ్వుడు లేదు."

బావ సరే అన్నాడు. నేనూ సరే అన్నాను. సరే అనడమేంటి, గంతులేశాను లోపల. అన్నదమ్ముల భూమి దగ్గర, ఆడదాని గొంతు వినబడని చోట, నా తరఫున మాట్లాడే వస్తువు ఒకటి దొరికింది. ఆ పూట పీకలదాకా అన్నం తిన్నాను. ఆ నెలంతా అలాగే నడిచింది. ముల్లు ఎరుపు మీదికి రాగానే బావ నోరు మెదపకుండా మోటారు వదిలేవాడు. చెట్టు గుబురుకట్టింది. పూత మొదలైంది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

చలి మొదలయ్యాక తెలంగాణ కోసం బంద్‌లు పెరిగాయి. బస్సులు ఆగాయి. కాలేజీలు మూసి పిల్లల్ని ఇళ్ళకు పంపేశారు. విద్యార్థినికి వచ్చి చెప్పే తీరిక దొరకలేదు, వెళ్ళేముందు మా పక్కింటివాళ్ళ సెల్లుకు ఫోన్ చేసింది. గొట్టంలో నీళ్ళు తగ్గితే కాచి చల్లార్చిన నీళ్ళు పొయ్యమంది, మూత గట్టిగా తిప్పమంది. వారం తిరక్కుండా వస్తానంది.

ఆ వారంలోనే ముల్లు పసుపు దాటి ఎరుపు దగ్గరికొచ్చింది. రేపో మాపో మోటారు అడగొచ్చని ఎదురుచూస్తున్నాను. ఒక పొద్దున పోయి చూస్తే ముల్లు పచ్చ మీద పడుకుని ఉంది. వాన లేదు. ఎవరూ నీళ్ళు పెట్టలేదు. బిళ్ళను వేలితో తట్టాను. కదల్లేదు. గొట్టంలో నీళ్ళు తగ్గి కనిపిస్తే పిల్ల చెప్పినట్టే కాచి చల్లార్చి పోసి, మూత బిగించాను. ముల్లు పచ్చ మీదే ఉంది. నల్లరేగడి లోపల తడిని దాచుకుంటుందంటారు కదా, అదేమన్నా పైకి వచ్చిందేమో అనుకున్నాను. ఆ రోజు మోటారు బావ తిప్పుకున్నాడు. మర్నాడూ అంతే. ఆయన రెండో పంటకు నారుమడి పోసుకున్నాడు, ఎన్ని నీళ్ళున్నా ఆయనకు చాలవు.

తర్వాత మధ్యాహ్నాలు ఆకు వాలడం మొదలైంది. సాయంత్రానికి మళ్ళీ లేచేది. కొన్నాళ్ళకు సాయంత్రం కూడా లేవలేదు. పూత రాలి చెట్టు కింద తెల్లగా పరుచుకుంది. గొట్టంలో నీళ్ళు రోజూ దిగిపోతున్నాయి, నేను రోజూ పోస్తున్నాను. పక్కింటి సెల్లుతో ఆ పిల్లకు చేయించాను. ఫోన్ మోగేది కాదు. ఎక్కడో ఊళ్ళో ఉంది, సిగ్నల్ లేదేమో.

బావ దగ్గరికి పోయి నీళ్ళు అడిగాను. ఆయన నా వెంట వచ్చి గొట్టం ముందు కూర్చుని ముల్లు చూశాడు. వెక్కిరించలేదు. నిజంగానే చూశాడు.

"పచ్చ మీదున్నది గదా పిల్లా."

"చెట్టు చూడు బావా."

"చెట్టుకు తెగులొచ్చిందేమో. మందు కొట్టు. నీళ్ళయితే లోపలున్నయ్, ముల్లు చెప్తున్నది. పైన బురదున్నప్పుడు లోపల పొడున్నదని నువ్వే గెలిచినవ్. ఇప్పుడు పైన పొడున్నది, లోపల తడున్నది. ఒకసారి నీకయితే న్యాయం, ఒకసారి నాకయితే అన్యాయమా?"

ఇప్పటికీ ఆ మాటలో తప్పు ఎక్కడుందో ఆయన ముందు చూపించలేను.

నేనే పార తీసుకుని గొట్టం పక్కన తవ్వాను. రేగడి నెర్రెలిచ్చి ఉంది. ఆ నెర్రెలో నా చెయ్యి మణికట్టు దాకా దిగింది. లోపల గడ్డలు రాళ్ళలా ఉన్నాయి. ఒక గడ్డను కొంగులో వేసుకుని సంఘపెద్ద ఇంటికి పోయాను. క్రిస్మస్ ముందు రోజులు. ఆయన వాకిట్లో పిల్లలు పాటలు పాడుతూ చుక్క కట్టుకుంటున్నారు. గడ్డను ఆయన ముందు పెట్టాను. ఆయన చేత్తో తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు.

"గట్టు మీద తవ్వినవా, చేన్ల తవ్వినవా?" అన్నాడు.

"చేన్లనే పెద్దయ్యా. గొట్టం పక్కపొంటే."

"మరి ముల్లు?"

"పచ్చగనే ఉన్నది."

ఆయన గడ్డను మెల్లగా నేల మీద పెట్టాడు. కాలేజీ వాళ్ళు రానీ అన్నాడు. వాళ్ళు పెట్టిన మీటర్, వాళ్ళే వచ్చి చెప్పాలి, మధ్యలో మన చేతులు పెడితే రేపు దానికి విలువుండదు అన్నాడు. కోపంగా అనలేదు. ఆయన బతికి బయటపడింది అలా నమ్మే. బావి కింద మీటర్‌కు ఎదురుచెప్పినవాళ్ళను ఆయన కళ్ళతో చూశాడు. నా చెట్లను చూడ్డానికి రమ్మంటే రాలేదు.

వాగులో పారే నీళ్ళు అప్పటికే లేవు. ఇసుకలో చెలమ తీస్తే ఊరేవి. పొద్దుపొద్దున్నే బిందె తీసుకుని, ఊరిన నీళ్ళను గిన్నెతో తోడుకుని, మొయ్యగలిగినన్ని మోసి చెట్ల మొదట్లో పోశాను. వాగు నీళ్ళు ఎవరి వంతూ కాదు, బావ అడ్డం చెప్పలేదు. ఒకరోజు ఆయనే చెలమను ఇంకొంచెం లోతుకు తీసి పెట్టాడు. వాగువైపు రెండు మూడు సాళ్ళు తేరుకున్నాయి. మిగతా చేనంతా ఎండుటాకు రంగుకు తిరిగి, ఆకు చుట్టుకుపోయి, చివరకు కాడలే మిగిలాయి. మిర్చి ఎండితే ఒక వాసన వస్తుంది. కాయ ఎండిన ఘాటు కాదు, ఆకు కుళ్ళిన వాసన లాంటిది. నా చీరల్లోంచి చాలాకాలం పోలేదు.

కొత్త సంవత్సరం దాటాక బస్సులు తిరిగాయి. విద్యార్థిని వచ్చింది. గట్టు మీద సంచీ పడేసి, చేన్లోకి దిగి, నిలబడిపోయింది. గొట్టం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, దాని చుట్టూ వేలు పెట్టింది. వేలు సులువుగా కిందికి దిగింది. భూమి గొట్టాన్ని వదిలేసింది, మధ్యలో ఖాళీ.

"పెద్దమ్మా, ఇది తడి కాదు. గాలి."

తర్వాత నెమ్మదిగా చెప్పింది. నల్లరేగడి ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. గొట్టం కొసకూ భూమికీ సంబంధం తెగుతుంది. అక్కడి నుంచి గాలి లోపలికి చేరుతుంది. ఇక లాగేదేమీ ఉండదు కాబట్టి ముల్లు మొదటికి వచ్చి పచ్చ మీద పడుతుంది. అంటే భూమి బాగా ఎండినప్పుడే అది తడి అని చూపిస్తుంది. పుస్తకంలో ఉందట. చదివానని, నా చేన్లో పాతేటప్పుడు గుర్తు రాలేదని చెప్పి, గొట్టం పీకి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఆ పిల్లను నేనే ఊరుకోబెట్టాను. ఏం చెయ్యను, చిన్నపిల్ల.

ఇద్దరం కలిసి సంఘపెద్ద దగ్గరికి, అక్కడి నుంచి బావ దగ్గరికి పోయాం. పిల్ల గొట్టం చూపించి అంతా చెప్పింది. పెద్దాయన తల వంచుకుని విన్నాడు. బావ కూడా విన్నాడు. విని, పిల్లను మంచం మీద కూర్చోమని మంచినీళ్ళిప్పించి అన్నాడు.

"నువ్వు చదువుకునే పిల్లవు బిడ్డా. నీ మాట మీద నేను చేను రాసియ్య. మీ సారుని వచ్చి చెప్పమను. తప్పు గొట్టానిది, ఆమెది కాదని ఆయన నోటితోని చర్చి కాడ అంటే ఇంకొక ఏడు ఆమెకు వదులుత. ఇది నా మాట."

పెద్దాయన కూడా అదే న్యాయమన్నాడు. సారు మాట ఒక్కటి కావాలి. అంతే కావాలి నాకు.

ఎండలు ముదిరాక కాలేజీలో రైతుల మీటింగు పెట్టారు. విద్యార్థిని కబురు చేస్తే బస్సెక్కి పోయాను. పెద్ద హాలు, ఫ్యాన్లు, ముందు వరసల్లో తెల్లచొక్కాలు. గోడ మీద తెర కట్టి బొమ్మలు చూపించారు. ఎర్రచల్కల్లో పెట్టిన చేన్లన్నీ వచ్చాయి. ఎన్ని నీళ్ళు మిగిలాయో, కాయ ఎంత బాగా వచ్చిందో సారు చెప్తున్నాడు. అబద్ధం కాదు, ఆ చేన్లు నేనూ చూశాను, బాగానే పండాయి. ఒక్కో చేను బొమ్మ పోయినప్పుడల్లా ఈసారి నాది వస్తుందని మెడ చాపాను. రాలేదు. చప్పట్లు కొట్టారు. భోజనాలకు లేచారు.

సారు చేతులు కడుక్కునే దగ్గర పోయి నిలబడ్డాను. విద్యార్థిని నా వెనక ఉంది. నేనెవరో చెప్పాను. ఆయనకు గుర్తుంది. నల్లరేగడి చేను కదమ్మా అన్నాడు. నా చేను బొమ్మ ఎందుకు రాలేదని అడిగాను. పెట్టెలో బ్యాటరీ చెడిపోయిందట, బంద్‌ల రోజులవి ఏమీ నమోదు కాలేదట, సగం సగం వివరాలతో ఉన్న చేనును పరీక్షలో చేర్చకూడదట. అందుకని తీసేశారు.

ఆయన నెమ్మది మనిషి. నిలబడి ఓపిగ్గా విన్నాడు. నేను అడగాల్సింది అడిగాను. ఒక్కసారి మా ఊరికి రావాలి, చర్చి దగ్గర మా బావ ముందు గొట్టం తప్పని ఒక్క మాట చెప్పాలి, నా చేను దాని మీద ఉందని చెప్పాను.

ఆయన చేతులు తుడుచుకున్నాడు.

"మీ చేనులో ఏం జరిగిందో చూపించే వివరం నా దగ్గర లేదమ్మా. లేనిదాన్ని పట్టుకుని గొట్టం తప్పని నేను ఎట్లా చెప్తాను? పైగా అది మీ ఇంటి భూమి తగాదా. ఉద్యోగంలో ఉన్నవాడిని, అందులో నేను మాట చెప్పకూడదు."

"ఈ బిడ్డ చూసింది సార్," అన్నాను.

ఆయన ఆ పిల్ల వైపు చూశాడు. కసురుకోలేదు, ఊరికే చూశాడు. ఆమె చూశానని మాత్రం అంది. వచ్చే ఏడు నల్లరేగడిలో పెట్టొద్దని రాసుకుంటామని సారు నాతో అన్నాడు. భోజనం చేసి వెళ్ళమన్నాడు. చేశాను. ఆకలైంది, చేశాను. సిగ్గేముంది.

పిల్ల బస్టాండు దాకా వచ్చింది. మార్కులు సారు చేతుల్లో ఉంటాయి పెద్దమ్మా అంది. నేనేమీ అడగలేదు, ఆమే చెప్పింది. బస్సు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడే ఉంది.

ఇంటికొచ్చి బావకు జరిగింది జరిగినట్టు చెప్పాను. సారు రాడన్నాను. ఆయన బీడీ ముట్టించుకున్నాడు. నువ్వు కష్టపడలేదని నేననను అన్నాడు. ఆ తర్వాత జామాయిల్ మాట ఇద్దరం ఎత్తలేదు. ఎత్తేదేముంది.

ఆ ఏడు తొలకరి ఆలస్యమైంది. వాన రాకముందే నర్సరీ నుంచి ట్రాక్టరులో మొక్కలు దిగాయి. బావ ఊళ్ళో కూలీలను పిలిచాడు. మా తోడికోడలు వచ్చి నన్ను రావద్దంది, ఇంట్లో ఉండమంది, ఆమె నోటి నుంచి అంత మెత్తని మాట ఎప్పుడూ వినలేదు. నేను పోయాను. పరాయివాళ్ళ చేతులు నా చేన్లో గుంటలు తీస్తుంటే ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను? వాళ్ళతోపాటు వంగి నాటాను. పొద్దుగూకాక వాళ్ళకిచ్చినట్టే నాకూ కూలి ఇచ్చాడు బావ. తీసుకున్నాను.

లేత మొక్కలు, ఎండ మండిపోతోంది, తడి పెట్టకపోతే చస్తాయి. బావ గట్టు మీదికి పోయి మోటారు వేసి, నీళ్ళు నా చేను వైపు తిప్పాడు. కరెంటు ఉన్నంతసేపూ అటే పారాయి. సాళ్ళన్నీ నిండాయి. చెప్పులు తీసి ఆ నీళ్ళలో నిలబడి, పారతో మట్టి లాగి, సాలు నిండినచోటల్లా మడవ కట్టాను.